ఎత్తు పెంచిన బండి

కువైట్‌లో, అర్దియాలోని మా షెడ్డుకు వచ్చిన రోజున ఆ బండికి ఏ లోపమూ లేదు. సరికొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయలేదు. నా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, తాళాలు నా చేతిలో పెట్టి, "దీన్ని విప్పు" అన్నాడు.

నేను కడప జిల్లా నుంచి వచ్చిన మెకానిక్‌ని. మా వైపు బండి నడిరోడ్డు మీద ఆగిపోతేనే మెకానిక్ గుర్తొస్తాడు. చక్కగా నడిచే బండిని, అదీ అంత పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండిని, మోజు కొద్దీ విప్పించుకునే మనిషిని నేనెన్నడూ చూడలేదు. ఆయన ఎదుట సరేనన్నాను గానీ, బలిసినవాళ్ళ ఆటలింతే అని మనసులో నవ్వుకున్నాను.

ఆ షెడ్డు ఆయనదే. అరవైకి దగ్గరపడిన మనిషి. జాబ్రియాలో ముసలి తల్లితో, పెళ్ళయిన కూతురితో, ఆమె ఇద్దరు పిల్లలతో ఉండేవాడు. అందరిలాగే నేనూ ఆయన్ని బాబా అనేవాణ్ణి. నాతో సగం అరబీ, సగం హిందీ కలిపి మాట్లాడేవాడు. కూతురి భర్త ఉద్యోగం మీద రియాద్‌లో ఉండేవాడు.

ఆ చలికాలమంతా బండి పనితోనే గడిచింది. కమాను పట్టీలు మార్చి బెత్తెడు ఎత్తు లేపాను. వెడల్పాటి టైర్లు పట్టడం కోసం మడ్‌గార్డుల అంచులు కోశాను. రాళ్ళు తగలకుండా ఇంజను కింద మందపాటి రేకు బిగించాను. వెనక రెండో పెట్రోలు ట్యాంకు పెట్టాను. ఆయన ముచ్చటకు నెత్తిన వరసగా దీపాలు, పులి గాండ్రించినట్టు మోగే సైలెన్సరు గొట్టమూ పెట్టాను. పని పూర్తయ్యాక బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, "యల్లా, ఇక దీనికి నడక నేర్పుదాం" అన్నాడు.

నడక నేర్చుకుంది నేను. శుక్రవారాలు నన్ను ఎడారికి తీసుకెళ్ళేవాడు. దారిలో ఏదైనా విరిగితే మెకానిక్ ఉండాలని మొదట్లో పిలిచాడు. తర్వాత స్టీరింగే నాకిచ్చి పక్కన కూర్చునేవాడు. ఇసుక మొదలయ్యే చోట బండి ఆపించి, టైర్లలో సగం గాలి తీయించేవాడు.

"టైరు ఒంటె పాదంలా పరుచుకోవాలి. గట్టిగా ఉంటే దిగబడుతుంది," అనేవాడు. "చక్రం తిరిగి బండి కదలకపోతే, ఖలాస్, కాలు తీసెయ్. తొక్కేకొద్దీ నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావు."

ఏ రంగు ఇసుక గట్టిది, ఎక్కడ పైన ఎండి అడుగున బురద ఉంటుంది, దిబ్బ దిగేటప్పుడు బ్రేకు ఎందుకు ముట్టుకోకూడదు, ఇవన్నీ చెప్పేవాడు. నేను వినేవాణ్ణి, కానీ ఇవి నాకెందుకు పనికొస్తాయి అనుకునేవాణ్ణి.

ఆగస్టులో ఒక గురువారం తెల్లవారకముందే ఖైతాన్‌లోని మా గది కిటికీలు గడగడలాడాయి. ఉరుములనుకున్నాం. ఆగస్టులో కువైట్‌లో ఉరుములేమిటని ఎవరికీ తట్టలేదు. మిద్దె ఎక్కి చూస్తే విమానాశ్రయం వైపు పొగ లేస్తోంది. పొద్దెక్కేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందని తెలిసింది.

రెండు రోజులు గది దాటలేదు. మూడో రోజు సందులు పట్టుకుని షెడ్డుకు నడిచాను. బాబా నాకంటే ముందే వచ్చి, ఒక స్టూలు మీద ఆ బండికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"కనబడిన కారునల్లా తీసుకుపోతున్నారు," అన్నాడు. "దీన్ని చచ్చిన బండిలా చెయ్యి."

చక్రాలు నాలుగూ ఊడదీసి, మరమ్మతు గుంటలో పడేసి, పైన చెక్కలు పరిచాం. బండిని ఇటుకల మీద నిలబెట్టాం. బ్యాటరీ తీసేశాం. ఒక పక్క తలుపు ఊడబెరికి, పాత బండిది వేరే రంగు తలుపు తగిలించాను. సైనికులు రెండుసార్లు వచ్చారు. వెల్డింగు మిషను, పానాల పెట్టె, బయట నిలిపిన చిన్న కారు ఎత్తుకుపోయారు. ఇటుకల మీది మా బండిని మాత్రం ఒకడు బూటుకాలితో తన్ని చూసి వదిలేశాడు.

మూడో వారంలో బాబా నా పాస్‌పోర్టు పట్టుకొచ్చాడు. నేను ఆయన దగ్గర పనికి కుదిరిన నాటి నుంచీ అది ఆయన బీరువాలోనే ఉండేది.

"ఇది నీది, నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు. "నీ వాళ్ళంతా బస్రా మీదుగా జోర్డాన్ పోతున్నారట. నువ్వూ పోవచ్చు. పోనంటే ఒక మాట అడుగుతాను. నా కూతుర్నీ ఇద్దరు పిల్లల్నీ ఎడారిలోంచి సౌదీ దాటించాలి."

"మీరు నడపరా బాబా?"

"మా అమ్మ మంచం దిగలేదు. ఆమెను వదిలి ఎట్లా రాను?"

ఒక్క రోజు గడువు అడిగాను. అప్పుడు నన్ను ఒప్పించింది నమ్మకమో విశ్వాసమో అని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. బస్రా దారిలో జనం ఎండలో రోజుల తరబడి పడి ఉన్నారని విన్నాను, ఆ భయం ఒకటి. రెండోది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, గర్వం. ఆ బండిలో ప్రతి నట్టూ నేను బిగించిందే. దాన్ని ఇంకొకడు నడపడం నాకు నచ్చలేదు.

మరునాడు జాబ్రియా ఇంటికి వెళ్ళి సరేనని చెప్పాను. ఆ ఇంట్లో పనిచేసే ఆమెది రాయచోటి పక్క పల్లె. వెనక గుమ్మం దగ్గర నన్ను ఆపింది.

"ఏమన్నా, నిజంగానే పోతాండారా?"

"పోతాండాం. నువ్వు యాడుంటావ్ మరి?"

"నేనూ వస్తా. ఈ బిడ్డలు నా చేతిలోనే పెరిగినారు. మామాకు వాళ్ళను ఎత్తుకోనూ తెల్దు, ఊరుకోబెట్టనూ తెల్దు. దావలో ఏడిస్తే ఎవురు సూస్తారు?"

మామా అంటే బాబా కూతురు; అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని అలా పిలుస్తారు. ఆ మాట నిజమే.

గుంటలోంచి చక్రాలు తీసి బిగించి, బ్యాటరీ పెట్టాను. చలికాలమంతా చేసిన పనిని రెండు రోజుల్లో వెనక్కి తిప్పాను. నెత్తిన దీపాలు పీకేశాను. పులి గొట్టం తీసి, మూలన పడేసిన పాత సైలెన్సరు బిగించాను. మాడిన నూనెలో ఇసుక కలిపి మెరిసే ఒంటికంతా పూశాను. "ఎత్తు కూడా దించమంటారా?" అని అడిగితే, "అది మాత్రం ముట్టుకోకు" అన్నాడు బాబా. నీళ్ళ పీపా, రొట్టెలు, పిల్లల పాలడబ్బాలు ఎక్కించాం. తెల్లవారుజామున ఇసుక చల్లగా, గట్టిగా ఉంటుంది కాబట్టి చీకటి విడిచే వేళకు బయలుదేరాలనుకున్నాం.

బయలుదేరేటప్పుడు ఆయన కూతురు తండ్రి చేయి పట్టుకుని వదల్లేదు. ఆయన ఒక్కొక్క వేలే విడదీసుకుని, నా కిటికీ దగ్గరకు వచ్చాడు. "కరెంటు స్తంభాలు అయిపోయేదాకా వాటి పక్కనే పో. ఆ తర్వాత సూర్యుడు నీ ఎడమ భుజం వెనక ఉండాలి" అని చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఊరి చివర తనిఖీ దగ్గర ఆపారు. గడ్డం మాసిన ఒక సైనికుడు, నడివయసువాడు, బండి చుట్టూ తిరిగాడు. ఎడారిలో గొర్రెలు కాసే మా బాబా చుట్టాలకు నీళ్ళు తీసుకుపోతున్నామని, ముందే అనుకున్న మాట, నాకొచ్చిన అరబీలో చెప్పాను. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలో మామా తల వంచుకుని కూర్చుంది. అతను వంగి టైర్లు చూశాడు, కింద రేకు చూశాడు.

అతని పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. వెనక నుంచి మా రాయచోటి ఆమె పీపా వంచి, చెంబుతో నీళ్ళు అందించింది. అతను గటగటా తాగి, ఇంకో చెంబు నింపించుకుని తాగాడు. తర్వాత వెనక్కి వెళ్ళి స్టెప్నీ టైరు విప్పుకుని, దొర్లించుకుంటూ తన గుడారం వైపు తీసుకెళ్ళాడు. పొమ్మని చేయి ఊపాడు.

స్టెప్నీ లేకుండా ఎడారిలోకి వెళ్ళకూడదన్నది బాబా నాకు చెప్పిన మొదటి మాటల్లో ఒకటి. కానీ వెనక్కి తిరగడం ఎట్లా?

స్తంభాలు అయిపోయాయి. టైర్లలో సగం గాలి తీసి, సూర్యుణ్ణి ఎడమ భుజం వెనక పెట్టుకుని నడిపాను. రెండు గంటలు బాగానే సాగింది. అప్పుడు దూరంగా దుమ్ము లేవడం చూసి మామా, "వాళ్ళే! వాళ్ళే!" అని అరిచింది. పిల్లలిద్దరూ ఒక్కసారే ఏడుపందుకున్నారు. నాకు మతి పోయింది. పక్కనున్న దిబ్బ చాటుకు తిప్పాను. ఇసుక రంగు చూడలేదు. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. కాలు తీయాల్సింది పోయి, ఇంకా తొక్కాను. ఇరుసు దాకా దిగబడిపోయింది.

ఇంజను ఆపి దిగాను. ఆ దుమ్ము సైన్యానిది కాదు, గాలికి లేచింది. మేం చూస్తుండగానే చెదిరిపోయింది. నేను ఇసుకలో కూలబడ్డాను. అన్ని శుక్రవారాలు నేర్చుకున్నది ఒక్క అరుపుతో మరిచిపోయానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇప్పుడు కూసోని ఏం లాభమన్నా?" అంది రాయచోటి ఆమె. "ఏం జెయ్యాల్నో చెప్పు."

చక్రాల ముందు ఇసుక తోడాలని చెప్పాను. రొట్టెలు పెట్టుకొచ్చిన పెద్ద పళ్ళెం ఖాళీ చేసి, దాంతోనే తోడడం మొదలుపెట్టింది. నేను చేతులతో తోడాను. ఎండ ముదురుతోంది. తోడిన చోటికి ఇసుక మళ్ళీ జారి వస్తోంది. కాసేపటికి నా పక్కన మరో జత చేతులు కనబడ్డాయి. మామా అబాయా నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తోడుతోంది. అన్నేళ్ళలో ఆమె నాతో నేరుగా మాట్లాడింది లేదు, నేను ఆమె ముఖం సరిగా చూసిందీ లేదు. గోళ్ళ కింద రక్తం చిమ్మినా ఆపలేదు.

టైర్లలో ఇంకా కొంచెం గాలి తీశాను. బండి లోపల కాళ్ళ కింద పరిచిన రబ్బరు పట్టాలు లాగి చక్రాల ముందు వేశాం. అవి చాలలేదు. మామా తన అబాయా విప్పి నాలుగో చక్రం కింద పరిచింది. వాళ్ళిద్దరూ వెనక నుంచి నెట్టారు. ఈసారి నేను గుడ్డును తొక్కినంత మెల్లగా తొక్కాను. బండి ఊగింది, ఇంకోసారి ఊగింది, మూడోసారికి ఇసుకలోంచి పైకి లేచింది. ఆపితే మళ్ళీ దిగుతుందని భయం. గట్టి నేల దాకా పోయి గానీ ఆపలేదు. ఆడవాళ్ళిద్దరూ పట్టాలు, చిరిగిన అబాయా చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక సరిహద్దు దగ్గర సౌదీ సైనికులు మమ్మల్ని చూశారు. చల్లని నీళ్ళిచ్చారు. పిల్లలకు బిస్కెట్లు ఇచ్చారు. మామా నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. రాయచోటి ఆమె తన చున్నీ తీసి ఆమె తలకు కప్పింది.

మూడు రోజుల తర్వాత మామా భర్త వచ్చి వాళ్ళను తీసుకుపోయాడు. బండి తాళాలు ఆయనకిచ్చి, ఇంజను ఆయిలు తగ్గింది, పోయించమని చెప్పాను. నేనూ రాయచోటి ఆమే ఒకే విమానంలో బొంబాయి వచ్చాం. ఆమె మళ్ళీ కువైట్ రాలేదు. రాయచోటి బస్టాండు దగ్గర టిఫిన్ల బండి పెట్టుకుందని తర్వాత ఎవరో చెప్పారు.

యుద్ధం ముగిసిన ఏడాదికి బాబా నుంచి వీసా వచ్చింది. వెళ్ళాను. మనిషి సగమయ్యాడు. మేం వెళ్ళిన రెండు నెలలకు తల్లి పోయింది. ఆ తర్వాత ఇరాక్ సైనికులు ఆయన్ను పట్టుకుపోయి కొన్ని వారాలు ఉంచుకున్నారట. ఎడారి నిండా మందుపాతరలు ఉన్నాయని రోడ్డు దిగవద్దని బోర్డులు పెట్టారు. బండి ఎత్తు పెంచమని ఎవరూ రాలేదు. తలుపులకు పడిన తూటాల బొక్కలు పూడ్చడమే ఆ ఏడాది మా పని.

ఒక మధ్యాహ్నం నేను అలాంటి తలుపుకే పుట్టీ పెడుతుంటే ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"మీరు వెళ్ళిపోయాక మూడు రాత్రులు నిద్ర పట్టలేదు," అన్నాడు. "నా పిల్లల్ని ఎవరితో పంపాను అని ఆలోచించాను. నీ చేతి పని తెలుసు. నువ్వు ఇసుకలో ఎట్లా నడుపుతావో తెలుసు. ఇంకేమీ తెలియదు. మీ ఊరు సముద్రం పక్కనా, కొండల మధ్యా?"

"కొండల పక్కనే, బాబా. వానలు తక్కువ."

"పిల్లలు ఉన్నారా?"

"ఇద్దరు కూతుళ్ళు."

పేర్లు అడిగాడు. చెప్పాను. రెండో పేరు ఆయన నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. పుట్టీ చేతులతోనే నిలబడి, ఒక్కొక్క అక్షరమూ విడదీసి మళ్ళీ చెప్పాను.