బోర్లా పడిన పడవ కింద

నా భార్యకు భూపాలపల్లి దవాఖానలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చాక నేను గోవా వదిలి వచ్చేశాను. అక్కడ తొమ్మిదేళ్లు స్పీడు పడవల షెడ్డులో ఫిట్టరుగా చేశాను. మాది కొడకండ్ల దగ్గర ఒక చిన్న పల్లె. పడవల పని చేస్తూ కూడా నాకు ఈత రాదు. ఒడ్డు మీద పనిచేసేవాడికి అవసరం ఏముందని నేర్చుకోలేదు.

భూపాలపల్లిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు పెట్టుకున్నాను. పనికి కొదవ లేదు. కానీ పొద్దున షట్టర్ ఎత్తి ఆ చిన్న గదిలో కూర్చుంటే సాయంత్రం దాకా ఊపిరి సగమే ఆడేది. నాకు వచ్చిన విద్యకు ఇక్కడ చోటు లేదన్న దిగులు అది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం గోవా గొప్పలు చెప్పేవాణ్ణి.

ఆ గొప్పలు విని ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఊరి బయట పెద్ద చెరువులో బోటింగ్ నడిపే కాంట్రాక్టర్, జనగామ మనిషి.

"తమ్మీ, పడవను గాల్ల లేపుతనన్నవట గద. నా దగ్గర ఒకటున్నది. వచ్చి చూడరాదు" అన్నాడు.

వెళ్లి చూశాను. ఎక్కడో పాతది కొని తెచ్చిన క్యాటమరాన్. రెండు సన్నని పడవలను పక్కపక్కన పెట్టి పైన ఒకే తొట్టి బిగించినట్టు ఉంటుంది. మధ్యలో సొరంగంలాంటి ఖాళీ. వేగం అందుకుంటే ఆ సొరంగంలోకి గాలి దూరి పడవను నీటి మీద నుంచి కొంచెం ఎత్తి పట్టుకుంటుంది. అందుకే అది అంత జోరుగా పోతుంది. బరువు సరిగ్గా కుదరకపోతే అదే గాలి దాన్ని తిరగేస్తుంది కూడా. వెనక చెక్కకు పెద్ద ఇంజన్ వేలాడదీసి ఉంది. కొత్త నీలం రంగు వేయించారు. అంత అందమైన వస్తువును చూసి చాలా రోజులైంది. మర్నాడే కొట్టుకు తాళం వేశాను.

దాన్ని నడిపేది మహబూబాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఇరవై ఏళ్లు లారీ నడిపి పడవల్లోకి వచ్చాడు. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను బేటా అనేవాడు. మొదటి రోజు నన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. వేగం పెంచగానే ముక్కు లేస్తూ పడుతూ పడవ కప్పలా గెంతింది.

"సూసినవా బేటా? స్టీరింగ్ ఇడిస్తె మనిద్దరం చేపలకే" అన్నాడు చాచా.

బరువంతా వెనకే ఉందని తెలిసిపోయింది. పత్తి కొనే షావుకారు దగ్గర బస్తాలు తూచే కాంటాలు నాలుగు అడిగి తెచ్చాం. పడవను ఎత్తించి నాలుగు మూలలా నాలుగు పెట్టాం. ముందు ఎంత, వెనక ఎంత, కుడికి ఎంత, ఎడమకు ఎంత అని సుద్దముక్కతో పడవ మీదే రాసుకున్నాను. బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును ముందుకు జరిపాను. అప్పటికీ చాలక ముక్కులో రెండు ఇసుక బస్తాలు కట్టాను. ఇంజన్‌ను ఒక్కో బోల్టు రంధ్రం చొప్పున పైకి లేపుతూ, ప్రతిసారీ నీళ్ల మీద తిప్పి చూస్తూ వచ్చాం. పన్నెండు రోజులు పట్టింది. చివరికి పడవ గీత గీసినట్టు పోయింది. చాచా స్టీరింగ్ మీద రెండు వేళ్లే ఆనించి నవ్వాడు.

కాంట్రాక్టర్ మాత్రం నవ్వలేదు. "మంచిగనే ఉన్నది గని, జోరేది తమ్మీ? ఎల్లుండి దీని ఓపెనింగ్‌కు పెద్దోళ్లు వస్తున్నరు. గాల్ల లేపుతనంటివి!"

నన్నెవరూ బలవంతపెట్టలేదు. ముక్కు తేలికైతే జోరు పెరుగుతుందని నేనే పడవలోకి దిగి, ఇసుక బస్తాలు విప్పి ఒడ్డు మీద పడేశాను.

చాచా చెరువు వైపు చూశాడు. "హవా ఎక్కువున్నది బేటా. రేపు పొద్దున చూద్దాం."

"ఒక్క చుట్టే చాచా" అన్నాను. ఇంజన్ ఎత్తు దగ్గరి నుంచి చూడాలని వెనక సీట్లో కూర్చున్నాను. ముందు బరువు తీసేశాను, నా బరువు వెనక పెట్టాను. లెక్కంతా చేసినవాణ్ణి నేనే. ఆ నిమిషంలో తోచలేదు.

చెరువు మధ్యలో ఎదురుగాలి కొట్టింది. ముక్కు లేచింది, మళ్లీ దిగలేదు. ఆకాశం కనిపించింది, తర్వాత నీళ్లు.

తల పైకి వచ్చేసరికి చీకటి. పడవ బోర్లా పడి, నేను దాని తొట్టి కింద ఉన్నాను. గడ్డం దాకా నీళ్లు, నెత్తికి ఆనుకుని పడవ నేల. మధ్యలో జానెడు గాలి. పెట్రోలు వాసనకు కళ్లు మండాయి. బయటికి రావాలంటే తొట్టి అంచు కింది నుంచి మునిగి రావాలి. మునగబోతే లైఫ్ జాకెట్ నన్ను పైకి తోసి మళ్లీ ఆ నేలకే అదుముతోంది. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ నెత్తి కొట్టుకుంది. నన్ను బతికించడానికి కట్టుకున్నదే నన్ను కదలనివ్వడం లేదు.

పైన దబదబ చప్పుడు. చాచా దూరంగా ఎగిరిపడి, ఈదుకుంటూ వచ్చాడట.

"బేటా! ఉన్నవా?"

"ఉన్న చాచా."

"జాకెట్ ఇప్పు!"

"నాకు ఈత రాదు!"

పైన చప్పుడు పక్కకు జరిగింది. తర్వాత గొంతు మరీ దగ్గర నుంచి వచ్చింది. "ఇప్పు బేటా. నేను నా జాకెట్ ఇప్పి కిందికి వస్తున్న. చెయ్యి పట్టుకుంట."

జాకెట్‌కు రెండు బకిళ్లు. ఒకటి విప్పాను. రెండోది విప్పడానికి మనసు రాలేదు. అది విప్పితే నన్ను పట్టుకుని ఉండేది ఇక ఏదీ ఉండదు. నీళ్ల కింద ఏదో నా మోకాలికి తగిలింది, పైకి పాకి నా మణికట్టు పట్టుకుంది. చాచా గరుకు చెయ్యి. రెండో బకిల్ తీశాను.

పడవ అంచు వీపు గీరుకుంటూ పోవడం గుర్తుంది. తర్వాత వెలుతురు, గాలి, చాచా దగ్గు. ఒడ్డు నుంచి పెడల్ బోట్లు వచ్చేదాకా ఇద్దరం బోర్లా పడిన పడవను పట్టుకుని వేలాడాం.

అసలు ఇరుక్కుపోవడం ఒడ్డుకు వచ్చాక మొదలైంది. ఆ సాయంత్రమే కాంట్రాక్టర్ అందరిముందూ, "ముసలోడు స్టీరింగ్ ఒక్కసారే తిప్పిండు, పడవ తిరగబడ్డది" అని చాచాను పనిలోంచి తీసేశాడు. చాచా నా వైపు ఒక్కసారి చూసి, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నోరు తెరవలేదు.

ఆరు రోజులు తెరవలేదు. స్నానాల గది తలుపు వేసుకోలేకపోయాను. దుప్పటి ముఖం మీదికి వస్తే తన్నుకుని లేచేవాణ్ణి. వీపు మీది గాయానికి కట్టు మారుస్తూ నా భార్య అడిగింది.

"ఆ పెద్దాయన నిజంగనే అట్ల తిప్పిండా?"

"లేదు."

"మరెట్లయింది?"

బస్తాల సంగతి చెప్పాను. ఆమె కట్టు చివర ముడి వేసి, "గిది నాకు జెప్తె ఏమొస్తది?" అంది.

మర్నాడు కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లాను. "ఇసుక బస్తాలు తీసింది నేను. గాలి ఉన్నదని చాచా ఆపిండు, నేనే ఇనలే" అన్నాను.

"గప్పుడు చెప్పక గిప్పుడేంది? నువ్వు చెప్పకుంటె ఎవ్వరికి ఎరుక? నీ పేరే ఖరాబైతది."

"ఐతే కానీ అన్నా."

పనివాళ్లందరిముందూ మళ్లీ చెప్పాను. వాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ బాగా గుర్తుంది. కాంట్రాక్టర్ చాచాను మళ్లీ పనిలోకి పిలవమన్నాక మహబూబాబాద్ వెళ్లాను. చాచా ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. చెప్పిందంతా విని, "తిన్నవా?" అని మాత్రం అడిగాడు. తిన్నాక, మరుసటి సోమవారం పనిలోకి వస్తానన్నాడు.

ఓపెనింగ్ ఎలాగూ ఆగిపోయింది. పెద్ద ఇంజన్ తీసి సగం బలం ఉన్నది పెట్టాను. బస్తాలకు బదులు ముక్కులో ఇనుప దిమ్మెలు వెల్డింగ్ చేయించాను, ఇక ఎవరూ, నేను కూడా, విప్పడానికి వీల్లేకుండా.

నీళ్ల మీద పరీక్షకు నేను ఎక్కక తప్పలేదు. తొట్టిలో కాలు పెట్టగానే చెవుల్లో హోరు మొదలైంది. కొంత దూరం పోయాక ఆపమని చెయ్యెత్తాను. చాచా ఇంజన్ ఆపేశాడు. జేబులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుని, పడవను అలాగే వదిలేశాడు. అది నెమ్మదిగా పక్కకు కొట్టుకుపోతూ ఉంది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.

"ఒడ్డుకు పోదమా, ముందుకా?" అన్నాడు చివరికి.

"ముందుకే. మెల్లగ" అన్నాను.