పదికి ఎంత

కూర్మమ్మ మోకాళ్లు అరిగిపోయిన సంగతి చేపల బజారంతటికీ తెలుసు. ఆవిడే ఒప్పుకోదు. కత్తిపీటను ఒక కాలితో తొక్కిపట్టి, రెండోది మడిచి, వంజరాన్ని రెండు చేతులా ఎత్తి కత్తికి ఆనించాలి. ఆ కూర్చోవడం లేనిదే ఆ కోత లేదు.

కొడుకు శివాజీ బల్లేసుకోమన్నాడు, కుర్చీ తెస్తానన్నాడు. చివరికి విసిగి, "నొప్పని నీ నోటితో అన్న రోజున కత్తిపీట అటకెక్కించేస్తాను" అని తేల్చేశాడు. అప్పట్నుంచి ఆవిడ మూలగడం కూడా మానేసింది.

కీలులోకి వేయించిన సూది కొన్ని నెలలు పనిచేసి చేతులెత్తేసింది. ఈసారి శ్రీకాకుళంలో డాక్టరు రేఖ మరో దారి చెప్పింది. మోకాలి నొప్పిని మోసే సన్న నరాల దగ్గర మత్తుమందు వేసి చూస్తారట. కొన్ని గంటలే. ఆ కాసేపూ నొప్పి బాగా తగ్గితే, తర్వాత ఆ నరాలకి వేడి పెట్టి నెలల తరబడి నోరు మూయిస్తారట.

"నరం సచ్చిపోతే కాలు పడిపోదేటి?"

"నడిపించే నరాలు వేరమ్మా, వాటి జోలికి పోం. కానీ అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు. సరే, ఇప్పుడు నొప్పి పదికి ఎంతుంది?"

కూర్మమ్మ కళ్లు చిన్నవి చేసింది. నలభై ఏళ్ల బేరాల్లో ఆవిడ ముందుగా అసలు ధర చెప్పి ఎరగదు.

"నువ్వెంతకడుగుతన్నావమ్మా?"

శివాజీ నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "సున్నా అంటే నొప్పే లేదు. పదంటే ఓర్చుకోలేనంత. మీదెంత?"

పక్కనే కొడుకు. "రెండు" అంది కూర్మమ్మ.

"రెండుకి సూదెందుకు? ఇంటికెళ్లిపోండి."

దాస్తే సూది లేదు. చెబితే కత్తిపీట లేదు. కూర్మమ్మ డాక్టరుని వదిలేసి కొడుకు మొహంలోకి చూసింది.

"తొమ్మిది."

"సూసారా మేడం, నాను సెప్తనే ఉన్నాను..."

"నువ్వాగొరే. తొమ్మిదుండగానే కోసినాను. తగ్గితే ఎలా కోస్తానో సూద్దువుగాని."

సూది వేశాక డాక్టరు, "ఇవాళ పడుకోవద్దు. ఏ పనికి నొప్పి వస్తుందో ఆ పనే నెమ్మదిగా చేసి, ఎంత తగ్గిందో చెప్పండి" అంది. శివాజీ వెళ్లి ఆటో పిలిచాడు.

కూర్మమ్మ ఆటో దిగి తిన్నగా బజారుకే వెళ్లింది. కూర్చోబోతూ అలవాటుగా పళ్లు బిగబట్టింది. మోకాలు మడిచింది. బిగబట్టిన పళ్లకి పని పడలేదు. పక్క గంప ధనలక్ష్మి, "ఏటే, పెళ్లికూతురిలా కూకున్నావు?" అంది.

"కళ్లెట్టకు. నీ సేపలు సూసుకో."

పొద్దు వాలేసరికి మత్తు దిగిపోయింది. నొప్పి తన పాత చోటికి వచ్చి కూర్చుంది. ఆవిడ మొహం చూసి శివాజీ దగ్గరికొచ్చాడు.

"అయిపోనాది నీ సూది. ఇంక లెగమ్మా."

"అయిపోడానికే ఏసినారు. మేడంకి ఫోన్ సెయ్యి. కూకున్నాదని సెప్పు, కోసినాదని సెప్పు. మళ్లీ తొమ్మిదికొచ్చినాదని కూడా సెప్పు, దాసకు. నరాలకి ఆ ఏడి ఎప్పుడు పెడతారో అడుగు."

"అందాకా?"

"అందాకా ఇక్కడే ఉంటాను. అటు జరుగు, కత్తి మీదకి ఎలుతురు రాటంలేదు."