కారం చేతులతో నవ్విన రోజు

పై వాటాలో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆదివారం పొద్దున్న, కాఫీ ఇంకా గొంతు దిగకముందే, ఆ ఘాటు మెట్ల మీదుగా వచ్చి నా గదిలోకి చొరబడింది. ముందు నేను దగ్గాను, తర్వాత వంటింట్లో అమ్మ దగ్గింది, ఆ తర్వాత ఎదురింటి మాస్టారు. కాసేపటికి పైనుంచి ఆ ఇల్లాలు తొంగిచూసి, "సారీ అండీ, ఘాటొచ్చిందా? కిటికీ తీయడం మర్చిపోయా," అంది. వీధి వీధంతా నిద్ర లేచిందమ్మా అందామనుకున్నాను గానీ అప్పటికే నాకు నవ్వు వచ్చేస్తోంది. ఆ ఘాటు తగిలితే ఎవరికైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నాకు మాత్రం హిరుత్ గుర్తొస్తుంది.

హిరుత్ ఇథియోపియా అమ్మాయి. గుంటూరు దగ్గర వ్యవసాయ కళాశాలలో నాతో చదివింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా పళ్ళ గురించి చెప్పాలి. మాది పొదిలి అవతల ఒక మెట్ట ఊరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, ఎంత తోమినా పోవు. ఊళ్ళో ఉన్నంతకాలం అదొక లోపమని నాకు తెలియలేదు, అందరి పళ్ళూ అంతే కాబట్టి. కాలేజీలో చేరిన కొత్తల్లో, పొన్నూరు నుంచి వచ్చిన లావణ్య, "ఏమే శిరీషా, నువ్వు పళ్ళు తోముకోవా?" అని అడిగింది. కాలవ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల, తెలియకే అడిగింది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి నా కుడిచెయ్యి నా నోటికి కాపలా కాసింది. మాట్లాడాలంటే పెదవులు బిగించి మాట్లాడేదాన్ని, నవ్వొస్తే మొహం తిప్పుకునేదాన్ని. ఫొటోల్లో అయితే ఎవరో పోయినట్టే ఉండేదాన్ని. నాకు హెడ్‌మాస్టారని పేరు పెట్టారు. రైతుల మధ్య తిరిగే ఉద్యోగం చేయాలని ఎంతో ఆశతో ఆ చదువులో చేరినదాన్ని, నలుగురి ముందు నోరు తెరవలేక, ఏదో ఒక లాబ్‌లో గాజు గొట్టాల మధ్య బతికేస్తే చాలని మనసు సరిపెట్టుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది, అడిగినవాళ్ళ మీద కాదు, అంత తొందరగా సరిపెట్టుకున్న నా మీద.

అలాంటి నన్ను చూసి మా వార్డెన్ గారు, "నువ్వు గొడవ చెయ్యవు కదమ్మా, ఆ ఇథియోపియా అమ్మాయిని నీ గదిలో వేస్తున్నా," అన్నారు. హిరుత్ వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం మెస్సులో వడ్డించే అంకమ్మక్క ఆమెను చూసి కరిగిపోయింది. "అయ్యో తల్లీ, ఎంత దూరం నుంచొచ్చిందో! పెరుగన్నం పెడతా. కారం జోలికి పోనియ్యమాకండమ్మా," అని మాకు అప్పజెప్పింది. హిరుత్ పెరుగన్నం పక్కకు జరిపి, బల్ల మీదున్న కారప్పొడి సీసా తీసి, వేడన్నంలో గుమ్మరించుకుని, కలుపుకుని తినసాగింది. మెస్సు మొత్తం తినడం ఆపి చూస్తోంది. అంకమ్మక్క మంచినీళ్ళ చెంబుతో సిద్ధంగా నిలబడింది. చివరి ముద్ద దాకా తిని, "బాగుంది. కానీ మా అమ్మమ్మ చేసేదే ఎక్కువ కారం," అంది హిరుత్. అంకమ్మక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ మొహం చూసి హిరుత్ తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, మెస్సు రేకులు అదిరేలా నవ్వింది. అప్పుడు చూశాను ఆమె పళ్ళు. వాటి మీద గోధుమరంగు చారలు! అచ్చం మా ఊరి పళ్ళు! నా ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మొదట్లో మా మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతి సైగలు. తర్వాత తర్వాత ఆమె అంకమ్మక్క దగ్గర తెలుగు నేర్చుకుంది, అందుకే ఆమె తెలుగులో కూడా తాలింపు వాసన వచ్చేది. ఒక ఆదివారం సాయంత్రం మా అందరినీ డాబా మీద కాఫీకి పిలిచింది. వాళ్ళ దేశంలో కాఫీ అంటే మనలా గ్లాసు పట్టుకుని గటగటా తాగేసి పోవడం కాదు. పచ్చి గింజలు పెనం మీద వేయించి, పొగలు కక్కుతున్న ఆ పెనాన్ని ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తెచ్చి వాసన చూపిస్తారు. తర్వాత దంచి, కాచి, మూడుసార్లు పోస్తారు. మూడోది తాగకుండా లేస్తే మర్యాద కాదట. రెండోది అవ్వగానే మిగతా పిల్లలు మర్యాద సంగతి మర్చిపోయి క్రికెట్ చూడ్డానికి పరిగెత్తారు. మూడోది పోస్తూ హిరుత్ నన్నడిగింది.

"సిరీ, నీ నోటికేమైంది? ఎప్పుడూ చెయ్యి అడ్డం పెడతావేంటి?"

చెప్పడానికి సిగ్గేసి పెదవులు తీసి చూపించాను. ఆమె కిందికి వెళ్ళి చేతి అద్దం తెచ్చింది. నా చెంపకు చెంప ఆనించి, ఇద్దరి పళ్ళూ అద్దంలో పడేలా పట్టుకుంది. "మాది పెద్ద లోయలో చెరువు పక్కన ఊరు. బావి నీళ్ళు. మీది?" అంది. "బోరు," అన్నాను. "అయితే ఒక్క నీళ్ళు తాగిన అక్కచెల్లెళ్ళం," అంది.

అద్దంలో చూసుకున్నంత మాత్రాన సిగ్గు పోతుందా? నాకు ఒళ్ళు మండింది. "నీకేమే, ఇక్కడ ఎవరేమనుకున్నా చదువయ్యాక విమానం ఎక్కి పోతావు. ఉండేది నేను," అన్నాను. హిరుత్ కప్పు కింద పెట్టింది. తర్వాత చెప్పింది, తన చిన్నప్పుడే వాళ్ళమ్మ పోయిందని. "అమ్మ మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. నవ్వు గుర్తుంది. నేను నవ్వితే మా అమ్మమ్మ పని ఆపేసి నన్నే చూసేది. అది మా అమ్మ నవ్వేనట. నోరు మూసుకుంటే ఆవిడకు కూతురు కనపడదు కదా," అంది. నేను మూడో కాఫీ తాగేశాను.

చివరి సంవత్సరం మమ్మల్ని కొన్ని నెలలు వినుకొండ దగ్గర ఒక ఊళ్ళో ఉంచారు. రైతులతో కలిసి పనిచేయాలి, ఆఖర్న వాళ్ళందరి ముందూ సభ పెట్టి, మిరపకాయ బూజు పట్టకుండా ఎలా ఆరబెట్టుకోవాలో మా జట్టులో ఒకరు చెప్పాలి. దానికే మార్కులు. మిరప కల్లంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి చెప్పాల్సిందంతా నేనే తయారుచేసి, చెప్పే పని లావణ్యకు అప్పగించాను. సభ రోజుకు లావణ్య గొంతు పోయింది. వరి పొలాల పిల్ల, ఆ మిరప దుమ్ముకు తట్టుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని నా రెండు చేతులూ పట్టుకుంది, మాట మాత్రం రాలేదు. ఇక నేనే చెప్పాలి. ఎటైనా పారిపోదామనుకుంటుంటే హిరుత్ నా జబ్బ పట్టుకుని కల్లంలోకి లాక్కెళ్ళింది. "ముందు వాళ్ళ మధ్య కూర్చో. తర్వాత సంగతి తర్వాత," అని, తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ పక్కన కూలేసింది. తెల్లబారి పాడైన కాయలు తీసి పక్కన పడేయడమే పని. సభ మొదలయ్యేసరికి నా చేతులు మోచేతుల దాకా భగ్గుమంటున్నాయి. ఆ మంట ఎన్ని నీళ్ళతో కడిగినా పోదు.

కల్లం పక్కనే షామియానా. ఊరి పెద్ద కోటయ్య గారు ముందు వరుసలో కూర్చున్నారు. నేను లేచి దండం పెట్టి నోరు తెరవబోయాను. ఎవరో తుమ్మారు.

"ఆగమ్మా, ఆగు. తుమ్ము వినపడింది. కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగి లెగువు," అన్నారు కోటయ్య గారు. కూర్చున్నాను, తాగాను, లేచాను. గాలి కల్లం మీద నుంచి మా వైపు తిరిగింది. మళ్ళీ తుమ్ము. వెనకనుంచి ఒక ముసలమ్మ, "రెండు తుమ్ములు మంచిదేలే కోటయ్యా, చెప్పనీ పిల్లని," అంది. ఆ మాట పూర్తికాకుండానే మూడోది. మూడు తుమ్ములైతే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మంచిదని కొందరు, కాదని కొందరు వాదన వేసుకున్నారు. నేను లేవాలో కూర్చోవాలో తెలియక సగం వంగి నిలబడ్డాను. అప్పుడు ఆడవాళ్ళ మధ్యనుంచి ఒక తుమ్ము వినపడింది, అంతకుముందు మూడింటినీ కలిపినంత పెద్దది. హిరుత్ లేచి, ముక్కు తుడుచుకుని, అంకమ్మక్క తెలుగులో చెప్పింది.

"కోటయ్య గారూ, ఇది మా దేశం తుమ్మండీ. మీ లెక్కలోకి రాదు. కానియ్యండి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కోటయ్య గారు భుజం మీది కండువా జారిపోయేలా నవ్వారు. షామియానా అంతా నవ్వింది. నాకూ కడుపులోంచి తన్నుకొచ్చింది. అలవాటుగా కుడిచెయ్యి నోటి మీదికి లేచింది, లేచి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. కారం చెయ్యి! మొహానికి తగిలితే ఇక చూసుకోండి. మిరప కల్లంలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి గాలిలో అలాగే ఉంది, నోరు తెరిచే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను. ఎదురుగా పొద్దుటినుంచి నాతో కాయలు ఏరిన ఆడవాళ్ళు. వాళ్ళూ నోరారా నవ్వుతున్నారు. ఆ ఊరివీ బోరు నీళ్ళే. వరుసగా అందరి పళ్ళ మీదా అవే చారలు. నా పళ్ళ వంక చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నవ్వు సద్దుమణిగాక, ఆ ఊపులోనే మాట మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. కోటయ్య గారు మధ్యలో లేచి రెండు ప్రశ్నలు అడిగితే, మా నాన్న కల్లం గుర్తు చేసుకుని జవాబు చెప్పాను.

సాయంత్రం హిరుత్‌ను నిలదీశాను. "నువ్వు కావాలనే నన్ను కాయల దగ్గర కూర్చోబెట్టావు కదూ?"

"ఏమో. నేను కావాలని తుమ్మగలను గానీ, గాలిని తిప్పగలనా?" అని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

పరీక్షలయ్యాక, వాళ్ళ దేశం వెళ్ళేముందు, ఆమెను మా ఊరు తీసుకెళ్ళాను. వసారాలో అమ్మకు ఆ తుమ్ముల కథంతా చెబుతూ నేనే ఆపుకోలేక పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. చేతిలో మిరపకాయల చేట పక్కన పెట్టి నన్నే చూసింది.

"ఒసే, అచ్చం మా అమ్మ నవ్వే. ఇన్నాళ్ళూ ఏడ దాచావే దాన్ని?" అంది.

మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మ ఎందుకలా అందని హిరుత్ అడిగింది, చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే ఆ మనిషి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, కారం అంటిన అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

హిరుత్ ఇప్పుడు వాళ్ళ ఊరి చెరువు పక్క రైతుల మధ్య పనిచేస్తోంది, నేను ఇక్కడి రైతుల మధ్య. ఎప్పుడో గానీ ఫోను కలవదు. కలిసిందంటే, బాగున్నావా అని కూడా అడగదు. తెర మీద నా మొహం పడగానే, "ఏదీ, పళ్ళు చూపించు!" అంటుంది. ఈ పొద్దున్న ఆ ఘాటుకు ఉండబట్టలేక నేనే ఫోను చేశాను. అదృష్టం, కలిసింది. ఎందుకు చేశానో చెప్పేలోపే నాకు తుమ్ము వచ్చింది. "ఆగు, మంచినీళ్ళు తాగి లెగువు," అంది హిరుత్, కోటయ్య గారి గొంతుతో. ఇక ఆగలేదు, ఇద్దరం నవ్వడమే.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఎవరే అది? మా అమ్మొచ్చిందా?"

"వచ్చిందే!" అన్నాను.