మా అత్తగారి కొట్టం, నా రసమట్టం

శనివారం పొద్దున్న ఆరు గంటలకి మా ఇంట్లో సుత్తి చప్పుడు మొదలవుతుంది. ఆ సుత్తి మా అత్తగారిది. ఇల్లు, పశువుల కొట్టం, కోళ్ళగూడు, మోటారు గది, వరసగా ఒక్కోదాని దగ్గరా ఆగి, తలుపునీ గుంజనీ గోడనీ మెల్లగా తట్టి చెవి ఒగ్గి వింటారు. డాక్టరు రోగి వీపు తట్టి విన్నట్టే. చప్పుడు గుల్లగా వస్తే, ఎడమచేతిలోని డబ్బీలోంచి వేలితో సున్నం తీసి అక్కడొక బొట్టు పెడతారు. ఏడింటికల్లా ఇల్లంతా తెల్ల బొట్లే. బొట్టు పడ్డ ప్రతిదీ ఆదివారం సాయంత్రానికి బాగుపడి తీరాలి. బాగుపడిందని తేలాక తడిగుడ్డతో ఆ బొట్టు తుడిచే అధికారం ఆవిడ ఒక్కరిదే. ఒకసారి నేను తొందరపడి కుళాయి మీది బొట్టు తుడిచేశాను. మర్నాడు అదే కుళాయి మీద రెండు బొట్లు కనిపించాయి.

నేను ఆ ఇంటి అల్లుణ్ణి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పట్నంలోని రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల గదికి కాపలా. మా ఆవిడ అక్కడే ఆసుపత్రిలో నర్సు. ఇద్దరం పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరతాం. పెళ్ళయిన కొత్తలో ఒక ఆరు నెలలు ఉండి చూద్దామని వచ్చినవాళ్ళం, ఆరేళ్ళయింది. ఇల్లరికపు అల్లుడని నలుగురూ మూతులు తిప్పుకుంటుంటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. తిప్పుకోనీండి, మూతులు వాళ్ళవి. అలాంటి అత్తగారు వాళ్ళకెవరికైనా ఉన్నారా అని నా ప్రశ్న.

మా మామగారు బడిపంతులు, మంచి మనిషి. ఆయన మేకు కొడితే సుత్తి మేకుకి తప్ప అన్నిటికీ తగిలేదట. మా ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన పోయారు. ఆ ఏడాది వానకి వంటింటి గోడ కూలితే, అత్తగారు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, నాకు పని నేర్పు, నేనే కట్టుకుంటానన్నారు. "ఆడవాళ్ళు తాపీ పడితే గోడలు నవ్వుతాయమ్మా" అన్నాడట వాడు. మర్నాటి నుంచి ఈవిడ వాడి దగ్గరే ఇసుక తట్టలు మొయ్యడానికి కూలికి చేరారు. రెండు నెలలు తట్టలు మోస్తూ వాడి చేతులు చూశారు. మూడో నెలలో ఇంటికొచ్చి గోడ కట్టుకున్నారు. ఇరవై మూడేళ్ళయింది, ఆ గోడ అలాగే ఉంది. అది నవ్వగా ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు.

అక్కణ్ణించి ఇక ఆగలేదు. రెండెకరాల్లో కూరగాయలు, నాలుగు గేదెలు, మోటారు రిపేరు, పైకప్పు రేకులు, అన్నీ ఆవిడే. ఊళ్ళో పాలకేంద్రం తెరిచిన రోజున మొదటగా పాలు పోసింది కూడా ఆవిడే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఒక్క పూట కూడా ఆవిడ పాలు వెనక్కి రాలేదు. ఈ మాట మా అత్తగారు ఎవరితోనూ అనరు. నేనే బస్సులో పక్క సీటు వాళ్ళకి చెబుతుంటాను.

ఇంతటి మనిషికీ ఒక లోపం ఉంది. నా తప్పు నాకు చెప్పరు. అల్లుడు కదా, మర్యాద! నేను పార ఎండలో వదిలేస్తే, "ఏమే, కర్ర బీటలిస్తుందని తెలీదూ?" అని మా ఆవిడ మీద అరుస్తారు. మా ఆవిడ డ్యూటీలో ఉంటే ఆ తిట్లు గేదెకి పడతాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అందరూ విన్నదే. అల్లుడి మీద కోపం గేదె మీద చూపడం మా ఇంట్లోనే చూడాలి. నేనూ తక్కువ తిన్నానా? విని విననట్టు ఊరుకుంటాను. ఎలా చెయ్యాలని అడిగితే లోకువైపోతానని అడగను.

బుధవారం పొద్దున్న మేం బస్సుకి బయల్దేరకముందే పాలకేంద్రం కొత్త సూపర్‌వైజరు వచ్చి కొట్టం చూశాడు. పాత బండలు కుంగిపోయి, మురుగు కాలువలోకి పోకుండా సందుల్లోనే నిలిచి ఉంది. కుర్రాడు నెమ్మదస్తుడే. "అమ్మా, సోమవారం పొద్దున్న మళ్ళీ వస్తాను. నేల మీద నీళ్ళు నిలిస్తే మీ పాలు తీసుకోలేను. ఏమనుకోకండి, పైనుంచి ఆర్డరు" అన్నాడు.

"తప్పేముంది బాబూ, అలాగే" అన్నారు మా అత్తగారు.

ఆ రాత్రి అన్నం కలుపుకుని కంచం ముందు అలా కూర్చుండిపోయారు. "ఇరవై ఏళ్ళు. నా పాలు వద్దన్నవాడు లేడు" అన్నారు. చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

శనివారం మేస్త్రీ దొరకలేదు. పక్క ఊళ్ళో మేడ కడుతున్నాడట. మేమే దిగాం. మధ్యాహ్నానికి పాత బండలు పీకి, కొత్త ఇసుక పోసి చదును చేశాం. ఇంతలో తోటలో మోటారు ఆగిపోయింది, మొక్కలు వాడిపోతున్నాయి. అత్తగారు పానా పట్టుకుని లేచారు. "బాబూ, మీరు బండలు పరుస్తూ ఉండండి. కాలువ వైపు కాస్త చూసుకోండి" అన్నారు.

"మీరు వెళ్ళండత్తయ్యా, నాకొదిలెయ్యండి" అన్నాను.

నేను అప్పటికే పట్నంలో కొత్త రసమట్టం కొనుక్కొచ్చాను. రెండడుగుల చెక్క, మధ్యలో గాజుగొట్టం, గొట్టంలో బుడగ. బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా ఒక్క బండని కూడా వదల్లేదు. నాలుగు గంటల్లో ఇరవై ఎనిమిది బండలు పరిచాను. సందుల్లో సిమెంటు పూడ్చడం ఒక్కటే మర్నాటికి మిగిలింది. నాకు మీసం లేదు గాని, ఉంటే మెలేసేవాణ్ణే.

అత్తగారు మోటారు బాగుచేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేల వంక చూశారు, కాలువ వంక చూశారు, నా వంక చూశారు. "చాలా కష్టపడ్డారు బాబూ, ఇక స్నానం చెయ్యండి" అన్నారు. వెళుతూ వెళుతూ, బయట చెట్టుకి కట్టేసిన ముసలి గేదె దగ్గర ఆగారు. "ఏమే, రేపట్నించీ నీకు అద్దంలాంటి నేల. పక్క తడిసినా నోరెత్తకు, తెలిసిందా?" అన్నారు. అది విని నేను నవ్వాను కూడా! సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే, గేదెతో మీ అమ్మ భలే మాట్లాడుతుందని చెప్పి మళ్ళీ నవ్వాను.

ఆదివారం ఇంకా సరిగా తెల్లవారలేదు, కొట్టంలోంచి ఏదో గీరుతున్న చప్పుడు వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మా అత్తగారు చీర కుచ్చెళ్ళు బిగించి, చప్పుడు రాకుండా గునపానికి గోనెపట్టా చుట్టి, ఒక్కరే బండలు ఎత్తుతున్నారు. అప్పటికే ఏడు బండలు గోడకి ఆనించి ఉన్నాయి.

"ఏమైందత్తయ్యా?"

"ఏం లేదు బాబూ. కింద ఇసుక కాస్త కుంగినట్టుంది. మీరు పడుకోండి."

నాకు అనుమానం వచ్చింది. తొట్టిలోంచి చెంబెడు నీళ్ళు ముంచి మిగతా బండల మీద పోశాను. నీళ్ళు అటూ పోలేదు, ఇటూ పోలేదు. పోసిన చోటే నిండుగా నిలబడ్డాయి. అప్పుడు వెలిగింది నా బుర్ర. దేవుడా! పశువుల కొట్టానికి కాలువ వైపు వాలు ఉండాలని పాలు తాగే పిల్లకైనా తెలుసు. నేను ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాకుండా క్యారమ్ బోర్డు తయారుచేశాను.

తల కొట్టేసినట్టయింది. సిగ్గు వేసినప్పుడు నాకు ఇంకేం తోచదు, కోపమే వస్తుంది. "నిన్ననే చూశారుగా! నాకు చెప్పొచ్చుగా! చెబితే పగిలిపోవడానికి నేనేమన్నా గాజుబొమ్మనా? ఈ వయసులో ఒక్కరే బండలెత్తుతారా? నడుం విరిగితే నేనెవరికి చెప్పుకోవాలి, గేదెకా?" అని అరిచాను. మా అత్తగారి మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆవిడ గునపం కింద పెట్టారు. నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డారు.

"చెప్పాలా? అయితే వినండి బాబూ. మీకు బుద్ధుందా? కాలువ అటు పెట్టుకుని నేల ఎటు వాలాలో తెలీదా? చూసుకోమని చెప్పానా లేదా? కోళ్ళగూడు తలుపు తలకిందులుగా బిగించి మూడేళ్ళయింది, కోళ్ళు నడుం వంచుకుని లోపలికి పోతున్నాయి! నా మంచి రంపంతో ఇనప తీగ కోశారు. మేకుల డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో మేకులు! పోనీ ఎవర్నైనా అడుగుతారా? అబ్బే, అడిగితే కిరీటం ఊడిపోదూ! దేవుడు నోరెందుకిచ్చాడు మీకు, ఆఫీసులో టీ తాగడానికా?"

గదిలోంచి మా ఆవిడ నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చింది. కాసేపు విన్నది. నోరు పుక్కిలించి, గట్టు మీద తీరిగ్గా కూర్చుంది. "హమ్మయ్య! ఆరేళ్ళుగా ఇవన్నీ నేను తింటున్నాను. ఇవాళ్టికి సరైన ఇంటికి చేరాయి" అంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నిజం. తిట్లు తింటూ నవ్వేవాణ్ణి చూస్తే ఎవరికైనా ఇంకా కోపం వస్తుంది కదా, అత్తగారికీ వచ్చింది. ఇంకో నాలుగు తిట్టి, ఊపిరి పీల్చుకుని, "ఆ బుడగ కర్ర ఇటు తెండి" అన్నారు.

రసమట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అరంగుళం మందం ఉన్న చెక్కముక్క ఒకటి వెతికి, కాలువ వైపు ఉండే చివర కింద తాడుతో కట్టారు. "ఇప్పుడు దీన్ని బండ మీద పెట్టి బుడగ మధ్యకి తెచ్చుకోండి. బండ దానంతటదే అరంగుళం వాలుతుంది. ప్రతి బండా అంతే" అన్నారు. అబ్బ! పదో తరగతి గుమ్మం తొక్కని మనిషి, నా పనిముట్టుతోనే నా తప్పు దిద్దేశారు. ఆ క్షణాన నా ఆఫీసు వాళ్ళందరూ అక్కడ ఉంటే బావుండుననిపించింది.

మొత్తం ఇరవై ఎనిమిదీ లేపి మళ్ళీ పరిచాం. అనుమానం వచ్చిన ప్రతిచోటా అడిగాను. అడిగిన ప్రతిసారీ చెప్పారు, చెప్పిన ప్రతిసారీ ఒకటి తిట్టారు. మా ఆవిడ సిమెంటు కలిపి, కుట్లు వేసినంత ఒద్దికగా సందులు పూడ్చింది. పని అయ్యేసరికి చీకటి పడింది. సిమెంటు ఆరకుండా నీళ్ళు పోసి చూడ్డానికి లేదు. అత్తగారు ఆ పూటా సరిగా తినలేదు. నేల సంగతి సోమవారమే తేలాలి.

సోమవారం నేను ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టాను. సూపర్‌వైజరు ఆరున్నరకి వచ్చాడు. బకెట్ నీళ్ళు అడిగి, మేత తొట్టి దగ్గర ఒక్కసారిగా కుమ్మరించాడు. నీళ్ళు మొదటి వరస దాటాయి, రెండో వరస దాటాయి, ఎక్కడా ఆగకుండా జారుకుంటూ పోయి కాలువలో పడ్డాయి. అతను వంగి మూలలు చేత్తో తడిమి చూశాడు. లేచి, పుస్తకంలో సంతకం చేశాడు.

"భలే ఉందమ్మా. ఏ మేస్త్రీ వేశాడు? మా ఇంటి వెనక కూడా వేయించాలి" అన్నాడు.

"మేస్త్రీ లేడు. మా అల్లుడుగారు వేశారు" అన్నారు అత్తగారు. నా ఛాతీ పొంగుతుండగానే మళ్ళీ అందుకున్నారు. "శనివారం తప్పు వేశారు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆదివారం మళ్ళీ వేశారు."

అతను నా వైపు జాలిగా చూశాడు. "అల్లుడుగార్నే తిట్టారా?" అన్నాడు.

"ఇంట్లోవాణ్ణి తిట్టక, దారినపోయేవాణ్ణి తిడతానా బాబూ?" అన్నారు మా అత్తగారు. నిండు పాల క్యానుకి ఒకవైపు చెయ్యి వేసి, రెండో వైపు పట్టుకోమని నాకు కళ్ళతో చెప్పారు.