ఎనభై రెండు డిగ్రీల మావయ్య

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు ఏదైనా అడిగితే తల గోక్కుంటున్నాను గానీ, ఇరవై రెండేళ్ల వయసులో నేను నడిచే గ్రంథాలయాన్ని. బి.ఎస్సీ. పాసైన కొత్తలోనే కోటబొమ్మాళిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. వాళ్లు నాకొక తెల్లకోటు కూడా ఇచ్చారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. విజయనగరంలో ఉన్న అమ్మానాన్నలని వదిలి, కోటబొమ్మాళిలో మావయ్య ఇంట్లో దిగాను. దిగిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఎవరు ఏం తిన్నా, ఏం తాగినా, దాని మంచి చెడ్డలు ఉచితంగా చెప్పడం మొదలుపెట్టాను. (అడక్కుండానే. అడిగితే ఇంకా ఎక్కువ చెప్పేవాణ్ణి.)

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఊరి చివర రైస్ మిల్లులో కలాసీలకి మేస్త్రీ. ఆయన కింద ఎనిమిది మంది బస్తాలు మోసేవాళ్లు ఉండేవారు. మిల్లు గేటు పక్కన ఒక టీ బడ్డీ, దాన్ని నడిపే ఆవిణ్ణి నేను పిన్ని అనేవాణ్ణి. ఆ మిల్లులో ఒక కట్టుబాటు ఉండేది. టీ విరామానికి గడియారం లేదు. మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడంటే విరామం అయిపోయినట్టే, అందరూ లేవాల్సిందే. మా మావయ్యేమో పొయ్యి మీంచి దింపిన టీని మూడు గుటకల్లో లాగించి, గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేవాడు. లారీ వెనక్కి వచ్చి సరిగ్గా నిలబడేలోపు ఆయన టీ అయిపోయేది. పాపం కలాసీలు ఊదుకుంటూ, తిట్టుకుంటూ, సగం గ్లాసు పారబోసి లేచేవారు. అంత వేడి టీ తాగగల మనిషి చుట్టుపక్కల లేడని మావయ్యకి మహా గర్వం. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం గర్వంగానే ఉండేది, పేపర్లో ఆ వార్త చదివేదాకా.

అరవై ఐదు డిగ్రీలు దాటిన వేడితో టీ, కాఫీలు తాగే అలవాటుంటే అన్నవాహికకి క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరగవచ్చని ఆ వార్త. చదివిన మర్నాడే ల్యాబ్‌లోంచి ఒక గాజు థర్మామీటరు జేబులో వేసుకుని వచ్చి, మావయ్య పెదవి దాకా వెళ్లిన గ్లాసుని ఆపి అందులో ముంచాను. ఎనభై రెండు డిగ్రీలు!

"ఏటిరా అల్లుడా, టీకి జొరమొచ్చిందేటి?" అన్నాడు మావయ్య.

బడ్డీ దగ్గర కలాసీలందరూ ఒకటే నవ్వు. ఇంటికొస్తే అత్త ఇంకోటి అందుకుంది. "ఎవులి రగతంలో ముంచిన పుల్లో ఏటో, తెచ్చి నా టీలో ముంచతన్నావా? ప్రభువా, ఈ గుంటడికి బుద్ధియ్యి!" అని ఆ థర్మామీటరుని మూడుసార్లు సబ్బుతో కడిగింది. (అది నీళ్ల వేడి చూసేది మాత్రమే, రక్తానికి దానికి సంబంధం లేదు అని నేను చెప్పిన శాస్త్రం వంటింటి గోడలు విన్నాయి.) అయినా నేను తగ్గలేదు. ఎవరు గ్లాసెత్తినా వెళ్లి ముంచడమే. నాలుగు రోజుల్లో ఊళ్లో నా పేరు డిగ్రీల బాబుగా మారిపోయింది. నన్ను దూరం నుంచి చూస్తే చాలు, జనం అరచేత్తో గ్లాసు మూసుకునేవారు.

ఇలా నవ్వులాటగా సాగుతున్న రోజుల్లో, వేసవి మొదట్లో అనుకుంటాను, ఒక కలాసీ నాతో సంబరంగా ఒక మాట అన్నాడు. "బాబూ, నీ పుల్ల మహిమేటో గానీ, ఈ మజ్జిన మేస్త్రీ నెమ్మదిగా తాగతన్నాడు. మాకు కూకోడానికి రవ్వంత టైము దొరకతన్నాది." నేను కూడా పొంగిపోయాను, నా ప్రచారం ఫలించిందని. మర్నాడు బడ్డీ దగ్గర దొంగచాటుగా చూశాను. మావయ్య గుటక వేశాక కళ్లు గట్టిగా మూసుకుని, రొమ్ము మీద పిడికిలితో రాసుకుంటున్నాడు. టీ మాత్రం ఎప్పటిలా పొగలు కక్కుతూనే ఉంది. ఇంటికెళ్లి అత్తని అడిగితే ఆవిడ గొంతు తగ్గించింది. "అన్నం ముద్ద దిగడం నేదురా. నీళ్లు తాగి దిగమింగతన్నాడు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు." అంతవరకు నేను చెప్పినదంతా నా గొప్ప కోసం చెప్పుకున్నదే. ఆ రోజు మొదటిసారి నా జ్ఞానం చూసి నాకే భయం వేసింది.

శ్రీకాకుళంలో ఈ జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని తెలుసుకుని, ఫోన్ చేసి, మావయ్య పేరు మీద గురువారానికి చీటీ రాయించాను. బతిమాలాను. అత్త ఏడ్చింది. మావయ్య వినలేదు. బస్తాలు మోయించే మనిషికే రోగమొచ్చిందంటే ఎనిమిది మంది మాట వింటారా అన్నది ఆయన లెక్క. బుధవారం నాడు బడ్డీ దగ్గర, అందరి ముందూ, నన్ను వదిలించుకోడానికి ఒక పందెం వేశాడు.

"ఏడి టీ తాగితే సచ్చిపోతారని ఊరంతా సాటతన్నావు గదా. రేపు పొద్దున్న నాతో సమానంగా ఒక గ్లాసు తాగు. మూడు గుటకలు. తాగీసినావనుకో, అప్పుడు ఆ డాక్టరమ్మ కాడికి నానొస్తాను. తాగలేకపోతే ఆ పుల్ల ఇరిచీసి నాగావళిలో పారేసి రావాల."

"సరే!" అన్నాను. వేడి టీ ప్రాణానికి చేటు అని నిరూపించడానికి వేడి టీ తాగడానికి ఒప్పుకున్న మేధావి ఆ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అయితే నేను మరీ అంత అమాయకుణ్ణి కాను. ఆ సాయంత్రమే బడ్డీ పిన్ని దగ్గరికి వెళ్లి రాజీ కుదుర్చుకున్నాను. నా గ్లాసులో చల్లటి పాలు కలిపి పెట్టాలి, పైకి మాత్రం కనపడకూడదు. "మీ మావ పేనం కోసమయితే అబద్ధమాడినా దేవుడు ఊరుకుంటాడ్లే బాబూ," అంది ఆ తల్లి.

గురువారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర తిరునాళ్లలా ఉంది. కలాసీలు, తవుడు లారీ డ్రైవరు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ మా చుట్టూ. పిన్ని రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. మావయ్యది ఎర్రగా, పొగలు కక్కుతూ. నాది కాస్త తెల్లగా, పెద్దమనిషిలా నిమ్మళంగా. నేను లోలోపల నవ్వుకుంటూ చెయ్యి చాపాను. మావయ్య నా గ్లాసు వైపు చూసి భృకుటి ముడిచాడు.

"ఏటే సెల్లీ ఇది? మా అల్లుడికి ఈ ఎలిసిపోయిన టీ ఏటి? డికాసనే నేదు! కుర్రోడు పందెం కట్టినాడు, మంచి టీ తాగాల!" అంటూ ఎంతో ప్రేమగా తన గ్లాసు నా ముందుకి జరిపి, నాది తను తీసుకున్నాడు.

పిన్ని నా వైపు చూసింది. నేను పిన్ని వైపు చూశాను. వద్దంటే మోసం బయటపడుతుంది. ఓడిపోతే మావయ్య డాక్టరు దగ్గరికి రాడు. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఎటో ఒకవైపు ఈదే వీలుంటుంది, నాకు అదీ లేదు. కళ్లు మూసుకుని మొదటి గుటక వేశాను. అది నాలుక దాటి, అంగిలి దాటి, రొమ్ములో ఏ దారిన ఎక్కడెక్కడికి వెళ్లిందో గీత గీసి చూపించగలను. ఉమ్మేద్దామంటే ఓడిపోయినట్టే. రెండో గుటకకి మా అమ్మ కనబడింది. మూడో గుటకకి ఎవరూ కనబడలేదు. గ్లాసు ఠక్కున కింద పెట్టి, గెలిచాను అని అరవబోతే, నోట్లోంచి "హా... హా..." అని గాలి తప్ప మాట రాలేదు. కళ్లలోంచి ధారలు. కలాసీలు ఈలలు వేస్తూ నన్ను భుజాల మీదికి ఎత్తేసుకున్నారు.

కిందికి దించాక మావయ్య నా నోరు తెరిపించి చూశాడు. అంతే, ఆయన మొహంలో రంగు పోయింది. "ఓలమ్మో! నాలిక పొంగిపోనాది! మా అక్కకి నానేటి సెప్పాల? ఒరే, ఆ గొంతు డాక్టరమ్మ సీటీ ఏదిరా?" అని నా జేబులు తనే తడిమి చీటీ లాగేశాడు. ఏ రోజూ ఒక బస్తా తగ్గినా లారీని కదలనివ్వని మనిషి, సగం తవుడు ఎక్కిన లారీలో నన్ను కుదేసి, డ్రైవరుని "బేగి పోనీరా శ్రీకాకుళం!" అని గదమాయించాడు. వెనకాల మిల్లు యజమాని చేతులూపుతూ పరుగెత్తడం అద్దంలో కనబడింది. దారిలో లారీ ఆపించి రెండు పుల్ల ఐసులు కొని నా నోట్లో పెట్టాడు. తెల్లకోటు ఉద్యోగిని, రెండు బుగ్గల్లో రెండు పుల్లలు పెట్టుకుని, తవుడు దుమ్ములో తుమ్ముతూ కూర్చున్నాను. పక్కన మావయ్య ఒకటే మందలింపు.

"అరవై అయిదు దాటితే అన్నవాయిక కాలిపోతాదని నువ్వే గదరా సెప్పినావు! లోపల పుండు పడతాదని సెప్పినావు! పుండు మీద పుండు పడితే పెద్ద రోగమవుతాదని సెప్పినావు! అన్నీ తెలిసి ఎలాగ తాగినావురా, బుద్ధి నేదా?"

నేను చెప్పినవన్నీ, ఒక్క ముక్క పోకుండా, వరసతో సహా ఆయనకి గుర్తున్నాయి. ఇన్నాళ్లూ వినలేదనుకున్నాను.

డాక్టరమ్మ నా నోట్లో లైటు వేసి చూసి, నాలుకా అంగిలీ కాలాయని, వారంలో సర్దుకుంటుందని చెప్పింది. "మింగడానికి కష్టంగా ఉందా?" అని అడిగింది. నేను "హా" అన్నాను. నా తరఫున మావయ్య ముందుకొచ్చాడు.

"శానా కట్టమమ్మా! ముద్ద ఇక్కడ, ఈ బొమిక ఎనకాల పట్టీసి ఆగిపోతాది," అని తన రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "మీద నీళ్లు పోస్తే గానీ దిగదు. రేతిరి పడుకుంటే మంట."

"ఎన్నాళ్ల నుంచి?"

"వరికోతల కాడి నుండమ్మా."

డాక్టరమ్మ కలం ఆపింది. "టీ పొద్దున్నే కదా తాగాడు?"

మావయ్య నా వైపు చూశాడు. నేను చేతిలో మిగిలిన ఐసు పుల్లతోనే ఆయన్ని చూపించాను. డాక్టరమ్మ నన్ను లేవమని, ఆ కుర్చీలో మావయ్యని కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. అంతటి మేస్త్రీ, మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడిలా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఆయన గొంతులోకి గొట్టం వేసి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు. సాయంత్రం మావయ్య పక్కన కూర్చుని బస్సులో తిరిగొస్తున్నాను. నరసన్నపేట దాటాక నెమ్మదిగా అన్నాడు: "ఒరే అల్లుడా, పొద్దున్న ఆ తెల్ల టీ ఉన్నాది సూడు, అది ఎక్కడా తగలకండా దిగిపోనాదిరా. ఇన్నాళ్లకి. అది నీకోసం పెట్టించుకున్నావు గదూ?" నేను తలూపాను. ఆయన నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగిపోయాడు.

రిపోర్టు వచ్చేదాకా ఆ నాలుగు రోజులూ అత్త ఉపవాస ప్రార్థన చేసింది. రోజూ పదిమంది రిపోర్టులు చేత్తో అందించే నేను, ఆ కవరు మాత్రం విప్పలేక అత్తకే ఇచ్చాను. (ఆవిడకి ఇంగ్లీషు రాదు, మళ్లీ నాకే ఇచ్చింది.) క్యాన్సర్ కాదు. కాలి కాలి పడ్డ పుండ్లు. మందులు వాడాలి, టీ బాగా చల్లారాకే తాగాలి, మళ్లీ వచ్చి చూపించుకోవాలి. అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మావయ్య మాత్రం "ఏటిరా ఈ గోల, నాను బతికే ఉన్నాను గదా," అని అన్నం పెట్టమన్నాడు. మేస్త్రీ గ్లాసు చల్లారి ఖాళీ అయ్యేసరికి పావుగంట పడుతోందని కలాసీలు ఆనందం పట్టలేక నాకు జీడిపప్పు పొట్లం తెచ్చిచ్చారు. నాలుకకి ఇంకా కొత్త తోలు రాలేదు, ఒక్క పలుకూ తినలేకపోయాను.

ఇప్పుడు నాకు వయసొచ్చింది, జాగ్రత్తా వచ్చింది. తెలిసినవాళ్లెవరైనా ఆరోగ్యం పాడుచేసుకుంటుంటే ఫోన్లో ఒక మంచి సందేశం పంపిస్తాను. చదివారో లేదో నీలం గీతలు చూసుకుని, నా బాధ్యత తీరిందని ఊరుకుంటాను. ఎవరి కోసమూ నోరు కాల్చుకోను. నా సలహాలన్నీ విని కూడా కదలని మావయ్య, నాకేదో అయిందనగానే చెప్పులు కూడా వేసుకోకుండా లారీ ఎక్కేశాడు. అప్పుడు నేను గెలిచింది ఒక్క పందెమే అనుకున్నాను. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు వట్టి తెలివితక్కువ దద్దమ్మ, అందులో సందేహం లేదు. కానీ వాడు నాకన్నా మంచివాడేమోనని అప్పుడప్పుడూ అనిపించి, వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.