ఆ రాతి ఇంట్లో ‘చిరంజీవ’ అన్నదెవరు?

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. డిట్రాయిట్ దగ్గర ఓ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. పార్టీల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. ఇది చదివి మీరు నవ్వినా నాకేం కోపం రాదు.

ఎనభైల మొదట్లో మా ఆయన, అంటే అప్పటి మా ఆయన, కార్ల కంపెనీ పని మీద ఫ్రాన్స్ వెళ్ళాడు. మా ఇద్దరికీ అప్పటికే పడటం లేదు. పని అయ్యాక ఓ వారం ఎక్కడైనా ప్రశాంతంగా గడిపితే సర్దుకుంటామేమోనని, నాలుగేళ్ళ పాపను తీసుకుని నేనూ వెళ్ళాను.

మధ్యధరా సముద్రానికి కాస్త ఎగువన, కొండ మీద పాత ఊరు. కోటగోడ, రాతి ఇళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్లు మూసేసి ఊరంతా కునుకు తీసేది. మేం అద్దెకు తీసుకున్న ఇంటికి రెండే గదులు. ఇంటావిడ కింది వీధిలో ఉండేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మాకు ఫ్రెంచ్ రాదు. ఇక తెలుగంటారా, ఆ చుట్టుపక్కల మేం ముగ్గురమే.

ఒక మధ్యాహ్నం ముందుగదిలో ఆయన పేపర్ తిరగేస్తున్నాడు. నేను పాపకు జడ వేస్తున్నాను. పాప తుమ్మింది. “బ్లెస్ యూ” అన్నాను. అమెరికాలో మా నోటికి అదే అలవాటైపోయింది.

పక్కగదిలోంచి ఓ ఆడగొంతు, తాపీగా, “చిరంజీవ, చిరంజీవ” అంది.

“అమ్మా!” అన్నాడు ఆయన, పేపర్ వదిలేసి. వాళ్ళమ్మ మా పెళ్ళికి ముందే పోయింది. ఆవిడ గొంతు నేనెన్నడూ వినలేదు.

“హూ సెడ్ దట్, మమ్మీ?” అంది పాప.

లేచి వెళ్ళి చూశాను. మంచం, మా సూట్‌కేసులు, అంతే. కిటికీకి లోపలినుంచి గడియ వేసే ఉంది. ఆ గదికి వేరే దారి లేదు.

తిరిగొచ్చేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది. “ఏమండీ, మీరూ విన్నారుగా?” అన్నాను.

“నేనేం వినలేదు. నీకు మతి పోయింది” అన్నాడు.

మిచిగన్ వచ్చాక, “మా ఆవిడకి వాయిసెస్ వినిపిస్తాయండీ” అని స్నేహితులకు చెప్పడం మొదలుపెట్టాడు. వేళాకోళమనుకున్నాను. డివోర్స్ కేసులో పాప కస్టడీ కోసం అదే మాట లాయర్ చేత అనిపించాడు. నేను విన్నది విన్నట్టు చెప్పాను. పాపనడగండి అని మొత్తుకున్నాను. అంత చిన్నపిల్ల మాట ఎవరు వింటారు?

జడ్జి ఆయన్ని అడిగితే, తనకేమీ వినపడలేదని ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఆ గదిలో మాట్లాడిందెవరో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. కన్నతల్లి గొంతు విని పలికిన మనిషి, వినలేదని ఒట్టు ఎలా పెట్టగలిగాడో అదీ అంతుపట్టలేదు.

పాప ఆయన దగ్గరే పెరిగింది.