ప్లాట్‌ఫారం మీద కల్లం

మేస్త్రీ పని చేసేవాడికి దయ్యాలను నమ్మే తీరిక ఉండదు. ఇరవై ఏళ్లుగా టైల్స్ వేస్తున్నాను. ఎన్నో పాడుబడ్డ ఇళ్లు కూలగొట్టాను, పని కోసం వాటిలోనే పడుకున్నాను. ఒక దవాఖానలో శవాల గదికి టైల్స్ వేసి, మధ్యాహ్నం అక్కడే గోడకు ఆనుకుని సద్ది తిన్నాను. ఎప్పుడూ ఏమీ కనిపించలేదు. దయ్యాలను చూశామని చెప్పేవాళ్లను మస్తుగా ఆటపట్టించేవాణ్ణి. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మాది ఆర్మూర్. ఇప్పుడు రైల్వే స్టేషన్ ఉన్నచోట, ప్లాట్‌ఫారం చివర, ఒకప్పుడు మా కల్లం ఉండేది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, అక్కడే ఆరబోసేవాళ్లం. కొమ్ములు ఎండడానికి రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులూ మా బాపు నెత్తి మీద గోనె సంచి కప్పుకుని కావలి కూర్చునేవాడు. చెప్పులతో కల్లంలోకి ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఊరి పెద్ద వచ్చినా, మార్కెట్ నుంచి సేటు వచ్చినా గట్టు మీద చెప్పులు విడవాల్సిందే.

ఆర్మూర్‌కు రైలు వస్తుందన్న మాట బాపు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాడు. చివరికి అది మా కల్లం మీదుగానే వచ్చింది. ఆయన అడ్డం చెప్పలేదు. మొదటి రైలు వచ్చిన రోజు అందరికంటే ముందు పోయి కొబ్బరికాయ కొట్టాడు.

కానీ మార్కెట్‌కు పసుపు రావడం మొదలైతే చాలు, ఆయన కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. మధ్యాహ్నం కాగానే గోనె సంచి తీసుకుని ప్లాట్‌ఫారం చివర కూర్చునేవాడు. అటు వచ్చినవాళ్లను చెప్పులు విప్పమనేవాడు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు కసురుకునేవాళ్లు. ఎవరో ఆయన్ను ఫోన్‌లో వీడియో తీశారు. నాతో పనిచేసేవాళ్లు అది నాకే చూపించి నవ్వారు.

ఆ కోపంలో నేరుగా స్టేషన్‌కు పోయాను. రైలు కోసం నిలబడ్డవాళ్లందరి ముందు అరిచాను.

"కల్లం పోయింది, పసుపు పోయింది. నీకింక సోయి రాదా? నా ఇజ్జత్ తీస్తున్నవ్. మల్ల ఈడ నోరు తెరిస్తే నేను నీతోని మాట్లాడ."

బాపు లేచాడు. గోనె సంచి మడిచి చంకలో పెట్టుకుని నా వెనకే ఇంటికి వచ్చాడు. మళ్లీ స్టేషన్‌కు పోలేదు. నాతో కూడా నోరు తెరవలేదు. ఏదైనా కావాలంటే అవ్వతో, అంటే మా అమ్మతో, చెప్పించేవాడు. నేనూ మొండివాణ్ణే, నేనే ముందు ఎందుకు మాట్లాడాలని ఊరుకున్నాను. ఆ ఏడు వానలు పడకముందే చనిపోయాడు.

నాలుగేళ్ల తర్వాత, అంటే ఈ మధ్యనే, స్టేషన్‌ను కొత్తగా కట్టడం మొదలైంది. కొత్త పైకప్పు, కూర్చోవడానికి హాలు, ప్లాట్‌ఫారం పొడవునా టైల్స్. ఆ టైల్స్ పని నాకే వచ్చింది. చివరి భాగం నా చేతులతో వేశాను. ఒక్కొక్క టైల్‌ను తట్టి చూశాను, ఎక్కడా డొల్ల లేదు.

పసుపు సీజన్ నడుస్తోంది. ఒక మధ్యాహ్నం టైల్స్ సందులు నింపడానికి పోతే, ఆ చివర నాలుగైదు జతల చెప్పులు వరుసగా కనిపించాయి. జనం ఎండకు కాళ్లు కాలుతున్నా ఉత్త కాళ్లతో నిలబడ్డారు. అడిగితే ముందువాళ్లు విప్పారని మేమూ విప్పామన్నారు. మనవాళ్లకు ఒక జత చెప్పులు కనిపిస్తే చాలు, పక్కన గుడి ఉందనుకుంటారని నవ్వుకున్నాను. మర్నాడు వేరే మనుషులు, మళ్లీ అదే వరుస.

మూడో రోజు ఆ చివర నేను తప్ప ఎవరూ లేరు. చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె నడుచుకుంటూ వచ్చింది. మా కల్లం గట్టు ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. ఆమె సరిగ్గా అక్కడ ఆగి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

"ఎందుకమ్మా ఇప్పినవ్?"

"గా తాత చెప్పిండు గదన్నా. కొమ్ములింక పచ్చిగున్నయట, తొక్కద్దన్నడు."

"ఏ తాత?"

"గోనె సంచి కప్పుకున్న తాత. గీడనే కూసున్నడు..." అని వెనక్కి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. దాక్కోవడానికి గోడ కూడా లేదు.

ఆమెది కరీంనగర్. ఆర్మూర్ రావడం అదే మొదటిసారట. వీడియో ఎప్పుడైనా చూసిందేమో అనుకున్నాను. కానీ కొమ్ములు ఇంకా పచ్చిగా ఉన్నాయన్న మాట అందులో లేదు. ఆ మాట బాపు కల్లం దగ్గర ఇంట్లోవాళ్లతోనే అనేవాడు.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగింది.

"ఎండల కూసున్నడా, నీడకున్నడా?"

ఆ చివరన ఇంకా కప్పు వేయలేదు.

ఆ తర్వాత మరో ఇద్దరు ఇదే చెప్పారు. ఒకరినొకరు ఎరగనివాళ్లు. ఇది ఏమిటో, ఎందుకు జరుగుతుందో నేను చెప్పలేను. ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు.

పని అయిపోయింది. అయినా మధ్యాహ్నాలు అక్కడికి పోతున్నాను. మొదట్లో ఉత్త కాళ్లతో కూర్చునేవాణ్ణి. ఏమీ వినిపించలేదు. ఇప్పుడు కావాలనే చెప్పులు వేసుకుని పోతున్నాను. గట్టు దాటి కల్లం నడుమ అటూ ఇటూ తిరుగుతాను. పక్కనున్న కొత్తవాళ్లు ఎవరో పిలిచినట్టు ఆగి చెప్పులు విప్పుతారు.

నన్ను మాత్రం బాపు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.